నాబ్ తీయొద్దు, కరెంటు దారి మార్చండి: పాత అంబాసిడర్లకి ఆటోనగర్‌లో చేసే సెల్ఫ్ మార్పిడి పని ఎలా ఉంది?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో డాష్‌బోర్డు మీది నాబ్ లాగితే స్టార్టయ్యే పాత అంబాసిడర్లకీ, మోరిస్ మైనర్లకీ సెల్ఫ్ (స్టార్టర్) పని మూడు రకాలుగా చేస్తున్నారు. మొదటిది, ఇంజిన్ దగ్గరున్న పాత స్విచ్చి విప్పి, కాంటాక్టులు రుద్ది, కొత్త కేబుల్ వేసి పాత పద్ధతిలోనే నిలబెట్టడం. రెండోది, డాష్‌బోర్డు మీది నాబ్ తీసేసి ఆ కంతలో బటన్ బిగించి, బానెట్ కింద సోలనాయిడ్ (అయస్కాంతంతో పనిచేసే స్విచ్చి) పెట్టడం. మూడోది, సోలనాయిడ్ పెట్టి దాన్ని పాత నాబ్‌తోనే పనిచేయించడం. ఎక్కువ షెడ్లలో ముందు రెండోదే చెబుతారు, మధ్యాహ్నానికల్లా అయిపోయే పని కాబట్టి. మూడోది మనం అడిగితేనే చేస్తారు. డబ్బు పెట్టదగ్గది మాత్రం మూడోదే.

నిజానికి నాబ్‌లో తప్పేమీ లేదు. తప్పంతా దాని అవతలి కొసన ఉంది. నాబ్ లాగితే ఉక్కు తీగ గొట్టంలోంచి జారి స్విచ్చి మీది మీటని లాగుతుంది. లోపల రాగి ముక్కలు ఒకదానికొకటి ఆనుకుంటాయి. బ్యాటరీ కరెంటంతా అక్కడి నుంచే సెల్ఫ్ మోటారుకి పోతుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు అది నూరు, నూటయాభై ఆంపియర్లు ఉంటుంది. మోటారు కదలడానికి ముందు మొదటి కుదుపులో మూడు వందలు దాటుతుంది. చెయ్యి మెల్లగా లాగితే కాంటాక్టులూ మెల్లగానే కలుస్తాయి. అలా కలిసిన ప్రతిసారీ మెరుపు, మెరిసిన ప్రతిసారీ రాగి కాస్త కరిగి గుంట పడుతుంది. గుంటలు పెరిగేకొద్దీ మోటారుకి వోల్టేజీ తగ్గుతుంది, బ్యాటరీ బాగానే ఉన్నా ఇంజిన్ బద్ధకంగా తిరుగుతుంది. చివరికి ఒక రోజు రెండు ముక్కలూ అతుక్కుపోతాయి. అప్పుడు నాబ్ వదిలినా, తాళం తీసినా సెల్ఫ్ ఆగదు; బ్యాటరీ టెర్మినల్ పీకాల్సిందే. తీగ గొట్టంలో తుప్పు పట్టి నాబ్ వెనక్కి పోకపోయినా ఇదే జరుగుతుంది. వానాకాలమంతా షెడ్డులో కదలకుండా నిలబడ్డ బండికి ఈ రెండో జబ్బు ఎక్కువ.

సోలనాయిడ్ చేసేదీ కాంటాక్టులు కలపడమే. కాకపోతే అయస్కాంతం వాటిని ఒక్క దెబ్బన కలుపుతుంది, ఒక్క దెబ్బన విడదీస్తుంది. మెరుపు చాలా తగ్గుతుంది. దాన్ని లాగడానికి మూడు నాలుగు ఆంపియర్లు చాలు. అంటే నాబ్ వెనక ఇక లావు రాగి తీగలక్కర్లేదు, సన్న వైరు సరిపోతుంది.

నాబ్ వెనక ఏం పెడతారన్నదే ఈ పని మొత్తంలో తెలివితేటలు చూపించే చోటు. ఆటోనగర్‌లో చూడదగ్గ పద్ధతి ఒకటుంది: మోటారు సైకిల్ వెనక బ్రేకు లైటు స్విచ్చి. పెడల్ తొక్కితే స్ప్రింగు లాగి లైటు వెలిగించే ఆ చిన్న ప్లాస్టిక్ స్విచ్చే. అది పుట్టుకతోనే లాగుడు స్విచ్చి. మర మీద ఉన్న నట్టు తిప్పి ఎత్తు సరిచేసుకోవచ్చు. నాబ్ ప్రయాణం స్విచ్చి ప్రయాణం కంటే ఎక్కువైనా మిగతాది స్ప్రింగు సాగి మింగేస్తుంది, స్విచ్చి విరగదు. ఏ టూ వీలర్ స్పేర్ల షాపులోనైనా దొరుకుతుంది. డాష్‌బోర్డు వెనక, నాబ్ గొట్టం బిగించే నట్టు కిందే, 16 గేజి రేకుతో ఎల్ ఆకారం బ్రాకెట్ చేసి ఆ నట్టుతోనే పట్టిస్తారు. డాష్‌బోర్డుకి ఒక్క కొత్త కంత కూడా పడదు. పాత తీగని బ్రాకెట్ దగ్గరికి సరిపడా కొలిచి, కొసన చిన్న ఇత్తడి నిపుల్ బిగించి, స్విచ్చి స్ప్రింగుకి తగిలిస్తారు.

ఇక్కడ రెండు విషయాలు మర్చిపోతే పని చెడుతుంది. మొదటిది వెనక్కి లాగే స్ప్రింగు. నాబ్‌ని లోపలికి లాక్కునే బలం ఇన్నాళ్లూ ఇంజిన్ దగ్గరున్న స్విచ్చిలోంచి వచ్చింది. ఆ స్విచ్చి తీసేశాక నాబ్‌ని లాక్కునే దిక్కు లేదు. బ్రేకు లైటు స్విచ్చిలో ఉండే స్ప్రింగు ఆ బరువుకి చాలదు. కాబట్టి బ్రాకెట్‌కీ తీగ కొసకీ మధ్య ఇంకో టెన్షన్ స్ప్రింగు పెట్టించాలి. చెయ్యి వదిలితే నాబ్ టక్కున తన చోటికి పోవాలి. చాలా షెడ్లలో ఇది చెబితే తప్ప పెట్టడం లేదు. రెండోది రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే చిన్న స్విచ్చి. బ్రేకు లైటు స్విచ్చి 21 వాట్ల బల్బు కోసం చేసింది, అంటే రెండు ఆంపియర్ల లోపు. దాని మీద సోలనాయిడ్ కాయిల్ భారం నేరుగా వేస్తే కొన్ని నెలల్లో లోపల మాడుతుంది. నాలుగు కాళ్ల మామూలు 30 ఆంపియర్ల ఆటో రిలే ఒకటి మధ్యలో పెడితే, స్విచ్చి మోసేది రిలే కాయిల్‌కి కావలసిన పావు ఆంపియరు లోపు కరెంటే. ఇక ఆ స్విచ్చికి అరుగుదల అన్నదే దాదాపు ఉండదు.

వైరింగు ఇలా ఉండాలి (రిలే కాళ్ల దగ్గర నంబర్లుంటాయి). రిలే 30వ కాలికి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు గుండా 2.5 చదరపు మి.మీ. వైరు. 87వ కాలు నుంచి సోలనాయిడ్ చిన్న టెర్మినల్‌కి అదే మందం వైరు. 86వ కాలికి, తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేశాకే కరెంటు వచ్చే వైరు నుంచి నాబ్ స్విచ్చి గుండా. 85 బాడీకి. పాత లూకాస్ రంగుల లెక్కలో ఎప్పుడూ కరెంటు ఉండేది గోధుమ రంగు, తాళం వేస్తే వచ్చేది తెలుపు, తాళం దాటి ఫ్యూజు గుండా వచ్చేది ఆకుపచ్చ, ఎర్త్ నలుపు. సోలనాయిడ్ కాయిల్‌కి తెలుపు మీద ఎర్రగీత ఉన్న వైరు వాడతారు. షెడ్డులో ఏ రంగు చేతికొస్తే అది లాగడం అలవాటు. తెలుపు-ఎరుపు వైరు రెండు మీటర్లు మీరే కొని ఇవ్వండి. పదేళ్ల తరవాత బానెట్ ఎత్తినవాడికి ఏది ఎక్కడికి పోతుందో తెలుస్తుంది.

86వ కాలికి తాళం గుండా కరెంటు ఇవ్వడం వల్ల ఇంకో లాభం ఉంది, అసలు ఈ మార్పిడిలో అన్నిటికంటే పెద్ద లాభం అదే. నాబ్ ఇరుక్కుపోయినా తాళం ఆఫ్ చేస్తే సెల్ఫ్ ఆగుతుంది. పాత పద్ధతిలో ఆ అవకాశమే లేదు. పిల్లలు ఊరికే నాబ్ లాగినా, గేరులో ఉన్న బండి ముందుకి దూకదు. దీన్ని వదిలేసి 86వ కాలికి నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చే మేస్త్రీలూ ఉన్నారు, వైరు దగ్గర పడుతుందని. ఒప్పుకోవద్దు.

సోలనాయిడ్ ఎంపిక విషయంలో ఆటోనగర్ స్పేర్ల షాపుల్లో కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉండే రెండు రకాలున్నాయి. ఒకటి సెల్ఫ్ కోసం చేసింది: కాసేపే పనిచేస్తుంది, కానీ వందల ఆంపియర్లు తట్టుకుంటుంది. రెండోది గంటల తరబడి ఆన్‌లో ఉండటానికి చేసింది: రెండో బ్యాటరీ కలపడానికీ, వించీలకీ వాడతారు, కాంటాక్టులు వంద ఆంపియర్ల చుట్టుపక్కల వరకే. రెండోది సెల్ఫ్‌కి పెడితే మొదట్లో బాగానే తిరుగుతుంది, తరవాత అతుక్కుంటుంది. అంటే ఏ జబ్బు పోగొట్టుకోవడానికి డబ్బు పెట్టామో అదే తిరిగొస్తుంది. కౌంటర్ దగ్గరే మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు. చిన్న టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. నాలుగు కాళ్ల రకమైతే రెండు చిన్న టెర్మినళ్ల మధ్య కూడా చూడండి. 12 వోల్టుల సెల్ఫ్ సోలనాయిడ్ మూడు నుంచి ఐదు ఓమ్స్ చూపిస్తుంది. పది దాటి పదిహేను, ఇరవై చూపిస్తే అది గంటల తరబడి వాడే రకం, తిరిగి ఇచ్చేయండి.

చిన్న టెర్మినళ్లు రెండున్న వాటిలో 'ఎస్', 'ఐ' అని గుర్తులుంటే ఇంకో సంగతి. 'ఎస్' కాయిల్‌ది. 'ఐ' కాయిల్ ఎర్త్ కాదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇగ్నిషన్ కాయిల్‌కి నిండు వోల్టేజీ ఇవ్వడానికి పెట్టింది. బాలస్ట్ రెసిస్టర్ (ఆ కాయిల్‌కి పోయే వోల్టేజీని తగ్గించేది) లేని పాత బండికి దానితో పని లేదు, టేపు చుట్టి ఖాళీగా వదిలేయాలి. రెండు చిన్న టెర్మినళ్లు కనిపించగానే ఒకటి ఎర్త్ అనుకుని బాడీకి కలిపేస్తే, సెల్ఫ్ కొట్టిన క్షణాన బ్యాటరీ నేరుగా షార్టవుతుంది, ఆ సన్న వైరు చేతిలోనే కాలిపోతుంది.

దొరికితే పాత లూకాస్ 4ఎస్‌టీ తరహాది తీసుకోండి. దాని కొసన రబ్బరు టోపీ కింద నొక్కుడు బటన్ ఉంటుంది. బానెట్ ఎత్తి చేత్తో నొక్కితే ఇంజిన్ తిరుగుతుంది. టాపెట్లు సరిచేసేటప్పుడూ, పాయింట్లు చూసేటప్పుడూ మనిషి లోపల కూర్చుని నాబ్ లాగనక్కర్లేదు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని నొక్కాలి, ఎందుకంటే ఆ బటన్‌కి తాళంతో సంబంధం లేదు. పాత బండి మనసెరిగిన వస్తువది, చూడటానికి కూడా ఆ కాలపు బానెట్ కింద పరాయిగా కనబడదు.

బిగించే చోటు: బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, ఎగ్జాస్ట్ వేడి తగలకుండా. కాయిల్ ఎర్త్ బ్రాకెట్ గుండానే పోయే రకమైతే, బోల్టు పడే చోట పెయింటు ఇనుము కనిపించేదాకా గీకించాలి. విజయవాడ షెడ్లలో సెల్ఫ్ మార్చిన బండ్లలో "టక్ టక్ అంటోంది కానీ తిరగట్లేదు" అనే ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఇదే: కొత్త పెయింటు వేసిన రేకు మీద బోల్టు బిగించి వదిలేస్తారు. పెయింటు చెడగొట్టడం ఇష్టం లేకపోతే బ్రాకెట్ బోల్టు నుంచి విడిగా ఒక నల్ల ఎర్త్ వైరు లాగించండి. గీకిన చోట బిగించాక కాస్త వ్యాజలీన్ పూస్తే తుప్పు పట్టదు.

లావు కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. 35 చదరపు మి.మీ. రాగి కేబుల్, కొసలకి రాగి థింబుల్స్ (బోల్టుకి తగిలించే కొస ముక్కలు), హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కినవి. ఆటోనగర్‌లో నిజంగా మెచ్చుకోవాల్సింది ఈ పనే. లారీలకి కేబుళ్లు చేసే చోట కొలత చెబితే కళ్ల ముందే కోసి, థింబుల్ నొక్కి, దాని మీద వేడితో ముడుచుకునే స్లీవు వేసి ఇస్తారు. లాగి చూస్తే కదలదు. కారు యాక్సెసరీల షాపుల్లో ప్యాకెట్లో అమ్మే కేబుళ్లలో తొడుగు లావుగా, లోపల తీగ సన్నగా ఉంటుంది, కొన్నింట్లో రాగి పూత పూసిన అల్యూమినియం. తొడుగు లావు చూసి మోసపోవద్దు, కొస కోయించి లోపల చూడండి. మొత్తం ఖర్చులో పెద్ద భాగం ఈ కేబుల్‌కే పోతుంది, పోనివ్వండి.

ఇంజిన్ ఎర్త్ గురించి ఎవరూ అడగరు, మేస్త్రీ కూడా చెప్పడు. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దానికీ చాసిస్‌కీ మధ్య అల్లిక రాగి పట్టీ ఒకటి ఉండాలి. గేరుబాక్సు దింపినప్పుడు అది ఊడి, తిరిగి బిగించకుండా పోయిన బండ్లు చాలా ఉన్నాయి. అప్పుడు సెల్ఫ్ కరెంటు వెనక్కి పోవడానికి దొరికిన దారిలో పోతుంది: చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. చోక్ తీగ వేడెక్కి దాని తొడుగు పొగ రావడం ఈ కారణంగానే. చోక్ నాబ్ దగ్గర కాలిన వాసన వస్తే సోలనాయిడ్‌ని తిట్టుకోకముందు బండి కిందికి దూరి ఆ పట్టీ ఉందో లేదో చూడండి. మార్పిడి చేయిస్తున్నప్పుడే కొత్త పట్టీ వేయించడం మంచిది.

పాత లాగుడు స్విచ్చి మీద ఇంకో గోధుమ రంగు వైరు ఉంటుంది, బ్యాటరీ వైపు బోల్టుకి. అది కటౌట్ బాక్సుకి (డైనమో ఛార్జింగ్‌ని అదుపుచేసే పెట్టె), అక్కడి నుంచి బండి మొత్తానికి కరెంటు తీసుకెళ్లే వైరు. స్విచ్చి తీసి సోలనాయిడ్ పెట్టినప్పుడు ఆ వైరు సోలనాయిడ్ బ్యాటరీ వైపు బోల్టుకే రావాలి. పొరపాటున మోటారు వైపు బోల్టుకి తగిలిస్తే తాళం వేసినా ఛార్జింగ్ ఎర్ర లైటు వెలగదు, హారన్ మోగదు, బండి చచ్చిపోయినట్టుంటుంది. లోపం కోసం డైనమో దాకా వెతికి ఖర్చు చేయిస్తారు. కాబట్టి విప్పే ముందే ఏ బోల్టుకి ఏ వైరు ఉందో ఫోనులో ఫొటో తీసి పెట్టండి.

ఇక ఎర్త్ ఏ వైపు అన్నది. ఇంగ్లండు డిజైను పాత బండ్లు పాజిటివ్ ఎర్త్‌తో వచ్చాయి, బ్యాటరీ ప్లస్ బాడీకి. తరవాత కొన్నింటిని మైనస్‌కి మార్చేశారు, కొన్నింటిని మార్చలేదు. బ్యాటరీ చూసి తేల్చుకోవాలి, మాట మీద నమ్మొద్దు. సోలనాయిడ్ కాయిల్‌కీ సెల్ఫ్ మోటారుకీ ఏ వైపైనా ఒకటే. మోటారు తిరిగే దిక్కు కూడా మారదు. కానీ రిలేలో డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది) ఉంటే తేడా వస్తుంది. రిలే ఒంటి మీద గీసిన బొమ్మలో డయోడ్ గుర్తు ఉన్నదీ లేనిదీ చూడండి. పాజిటివ్ ఎర్త్ బండిలో అలాంటి రిలేని మామూలుగా కలిపితే నాబ్ లాగగానే ఆ డయోడ్ షార్టవుతుంది. డయోడ్ లేని రిలే కొనడమే తేలిక. బటన్‌లో లైటు వెలిగే రకాలకీ ఇదే గొడవ, ఎల్ఈడీ తిరగబడితే వెలగదు.

పని అయ్యాక ఇంజిన్ స్టార్టయితే చాలు అనుకుని వచ్చేయకండి. కొలతలు చూడాలి, ఐదు నిమిషాల పని. ఇగ్నిషన్ కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న వైరు ఊడదీయించండి, ఇంజిన్ స్టార్టవకుండా తిరుగుతుంది. మల్టీమీటర్ బ్యాటరీ రెండు పోస్టుల మీద పెట్టి ఒకరు నాబ్ ఐదు సెకన్లు లాగాలి. 12 వోల్టుల బ్యాటరీ 9.6కి దిగకూడదు, దిగితే బ్యాటరీ సంగతి ముందు తేల్చాలి. తరవాత సోలనాయిడ్ రెండు లావు బోల్టుల మీద పెట్టండి: తిరుగుతున్నప్పుడు 0.2 వోల్టుల లోపు ఉండాలి. బ్యాటరీ పోస్టు నుంచి మోటారు బోల్టు దాకా అంతా కలిపి 0.5 లోపు. చివరగా బాడీకి కలిసే బ్యాటరీ పోస్టుకీ, ఇంజిన్ దిమ్మ మీద శుభ్రమైన చోటుకీ మధ్య: 0.2 లోపు. కేబుల్ టెర్మినల్ మీద కాదు, సీసం పోస్టు మీదే పెట్టాలి; లేకపోతే టెర్మినల్ వదులు లెక్కలోకి రాదు. ఎర్త్ వైపు 0.7, 0.8 వస్తే ఇందాక చెప్పిన పట్టీనే.

ఈ కొలతలన్నీ బాగుండి కూడా సెల్ఫ్ గిర్రున ఒంటిగా తిరిగి ఇంజిన్‌ని పట్టకపోతే లోపం స్విచ్చిది కాదు, మోటారుని ఇంజిన్‌కి కలిపే బెండిక్స్‌ది. పాత మోటార్లలో పళ్ల చక్రం మోటారు వేగానికి మరల మీద జారి ఫ్లైవీల్ రింగుని పట్టుకుంటుంది. ఆ మరలకి నూనె, గ్రీజు పెట్టకూడదు. పెడితే క్లచ్ దుమ్ము అంటుకుని జిగురుగా మారి చక్రం కదలదు. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పొడిగా వదిలేయాలి. ఆటోనగర్‌లో సెల్ఫ్ మోటారు విప్పిన చోట గ్రీజు పూసి బిగించడం ఇంకా కనిపిస్తోంది, మంచి చేస్తున్నామనే అనుకుంటారు. ముందే చెప్పండి. చక్రం రింగులో ఇరుక్కుపోతే, మోటారు వెనక మూత కింద ఉండే చదరపు కొసని స్పానర్‌తో తిప్పితే వదులుతుంది. అది అందకపోతే తాళం తీసి, టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపాలి. నాబ్ తేలికైపోయింది కదా అని ఇంజిన్ ఆగకముందే మళ్లీ లాగడం మాత్రం రింగు పళ్లు రాలగొట్టే పని. పది సెకన్లు ఆగండి.

రెండో పద్ధతి, బటన్‌ది, ఎలక్ట్రికల్‌గా చూస్తే చెడ్డదేం కాదు, పైన చెప్పిన సోలనాయిడ్, కేబుల్, రిలే జాగ్రత్తలన్నీ పాటిస్తే. బాధంతా డాష్‌బోర్డుతో. బటన్ మెడ నాబ్ కంతకి సరిపోకపోతే డ్రిల్లు పెట్టి కంత పెద్దది చేస్తారు, పోయిన రేకు తిరిగి రాదు. 2021లో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో నిలిచి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగని బండికే వింటేజ్ గుర్తింపూ, 'వీఏ' అక్షరాల నంబరూ ఇస్తారు. సోలనాయిడ్ ఒక్కటీ దానికి అడ్డు కాకపోవచ్చు. కానీ తిరిగి పూర్వస్థితికి తేగలిగిన మార్పుకీ, తేలేని మార్పుకీ మధ్య గీత ఆ డ్రిల్లు బిట్టు దగ్గరే ఉంది.

మొదటి పద్ధతి, అంటే పాత స్విచ్చినే బాగుచేయడం, బండి నెలకోసారి షెడ్డులోంచి బయటికొచ్చేదైతే చాలు. లేత్ పనివాళ్లు కాంటాక్టులకి కొత్త రాగి దిమ్మలు కోసి ఇస్తారు, పని శుభ్రంగా ఉంటుంది. ఎమరీ పేపరుతో రుద్ది ఇచ్చేది మాత్రం రెండు మూడు నెలల ముచ్చట, గుంటలు మళ్లీ పడతాయి. తాళంతోనే సెల్ఫ్ తిరిగేలా చేయడం ఇంకో రకం, దానికి పాత తాళం తీసేసి కొత్త ఇగ్నిషన్ స్విచ్చి పెట్టాలి. పాత తాళం చెవి ఉన్న బండికి మేమది సిఫారసు చేయం. కాలితో తొక్కే స్టార్టర్ ఉన్న పాత విల్లీస్ తరహా జీపుల జోలికి అసలు పోనక్కర్లేదు. అక్కడ స్విచ్చిని కాలి బలం ఒక్కసారిగా నొక్కుతుంది, తుప్పు పట్టే పొడవాటి తీగా లేదు. పైగా వాటిలో 6 వోల్టుల బండ్లున్నాయి, 12 వోల్టుల సోలనాయిడ్ వాటి మీద లేవదు.

షెడ్ల పని మీద మొత్తంగా మా అభిప్రాయం ఇది. రాగి పని, రేకు పని, లేత్ పని: పదికి తొమ్మిది. వైరు లాగే శుభ్రత: ఐదు. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో కంత వేసి రబ్బరు గ్రోమెట్ (కంత అంచుకి వైరు కోసుకోకుండా కాపాడే వలయం) లేకుండా వైరు దూర్చేయడం, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేయడం ఇంకా పోలేదు. మన ఎండాకాలంలో బానెట్ కింద ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, వేసవి దాటకముందే వైర్ల అతుకు బయటపడుతుంది. నొక్కిన టెర్మినళ్లు, వేడి స్లీవులు అడగండి. గ్రోమెట్ మీరే తీసుకెళ్లి చేతిలో పెట్టండి. ఫ్యూజు హోల్డర్ కూడా. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ తీయించండి, అన్నీ బిగించాకే చివర్లో అది పెట్టాలి. లావు కేబుల్‌కి ఫ్యూజు ఉండదు, స్పానర్ జారితే ఆపేదేమీ లేదు.

మేస్త్రీకి చెప్పాల్సింది క్లుప్తంగా ఇంతే: "అన్నా, నాబ్ కదిలించొద్దు. వెనక పుల్ స్విచ్చి, రిటర్న్ స్ప్రింగు, రిలే. తాళం వేస్తేనే కరెంటు రావాలి. గోధుమ వైరు బ్యాటరీ బోల్టుకే. ఇంజిన్ ఎర్త్ పట్టీ కొత్తది." ఇలా చెప్పిన వాళ్లకి పని ఒక పూట ఎక్కువ పడుతుంది, కూలీ కూడా కాస్త ఎక్కువే అడుగుతారు, మెటీరియల్ విడిగా, కూలీ విడిగా కాగితం మీద రాయించుకుంటే తరవాత మాట తేడా రాదు. గుంటూరు వాళ్లు స్విచ్చి, బ్రాకెట్ పని అక్కడి ఎలక్ట్రీషియన్ దగ్గరే చేయించుకుని, కేబుల్ ఒక్కటీ కొలత పట్టుకొచ్చి ఇక్కడ నొక్కించుకున్నా సరిపోతుంది.

బండి తీసుకునే ముందు షెడ్డు దగ్గరే ఒక పరీక్ష చేయండి. గేరు న్యూట్రల్, చేతి బ్రేకు వేసి, ఇందాకటి డిస్ట్రిబ్యూటర్ వైరు ఊడదీసే ఉంచి, నాబ్ లాగి పట్టుకుని తాళం ఆఫ్ చేయండి. సెల్ఫ్ అక్కడికక్కడే ఆగాలి. ఆగకపోతే బిల్లు కట్టొద్దు. విప్పిన పాత లాగుడు స్విచ్చి, కోసిన తీగ ముక్క, మీట పిన్ను అన్నీ సంచిలో వేయించుకోండి. పాత ఇనుము కింద పడేస్తారు, మళ్లీ అలాంటిదే వెతకడం కష్టం.